ఆగిన బండిని వదిలేసి పోవాలనే రూలు

ఆదివారం మధ్యాహ్నం కల్లూరులో మా స్పేర్ పార్టుల కొట్టు షట్టరు సగానికి దిగిందంటే లోపల టీవీ మొదలైందని అర్థం. నాయన తన కుర్చీని గోడవైపు తిప్పుకునేవాడు. పక్కనే టింకరింగ్ షెడ్డు నడిపే చిచ్చా, చేతుల గ్రీజు పాత బనియను గుడ్డతో తుడుచుకుంటూ వంగి లోపలికి దూరేవాడు. ఎదురు కిరాణా కొట్టు మామ వేయించిన శనక్కాయల పొట్లంతో వచ్చి, పొట్ట అడ్డమై షట్టరు కింద దూరలేక, ప్రతి వారం దాన్ని తిట్టి, జానెడు పైకి లేపించుకుని వచ్చేవాడు. నేను ఫోనును టీవీకి కలిపి ఒక ఇంగ్లీషు బండ్ల ప్రోగ్రాం పెట్టేదాన్ని. వాళ్ల ముగ్గురికీ ఇంగ్లీషు రాదు, నాకు వచ్చు. కర్నూలు కాలేజీలో పాఠాలు చెప్పే నేను ఆ ఒక్క కారణంతో ప్రతి ఆదివారం వాళ్లకు దుబాసీనయ్యాను. దుబాసీతనంలో నా సొంత జోకులు కూడా కొన్ని కలిపేదాన్ని. వాటికే ఎక్కువ నవ్వేవాళ్లు, ఆ సంగతి వాళ్లకు ఇప్పటికీ తెలియదు.

ఆ ప్రోగ్రాం ఎక్కడో చలిదేశంలో తీసేది. ఒక బట్టతలాయన, ఒక ఎర్రగడ్డమాయన, మ్యాపు చేతిలో పెట్టుకుని కూడా దారి తప్పే ఒకామె. ముగ్గురూ తుక్కులోకి పోవలసిన బండ్లు కొని, బుద్ధున్నవాళ్లు పోని దారుల్లో పడి పోతుంటారు. పొద్దస్తమానం ఒకరినొకరు తిట్టుకుంటారు. మా వాళ్ల లెక్కలో వాళ్లు బోడప్ప, గడ్డమప్ప, దారి తప్పే తల్లి. వాళ్ల ఆటకు ఒక రూలుంది. ఎవరి బండి ఆగిపోతే వాళ్లను అక్కడే వదిలేసి మిగతా ఇద్దరూ పోవాలి. ఊరికే పోతే చాలదు, హారన్ కొట్టి, చేయి ఊపి, నవ్వుతూ పోవాలి. బోడప్ప బానెట్ ఎత్తి పొగలో దగ్గుతుంటే గడ్డమప్ప పక్కనుంచి చేయి ఊపుకుంటూ పోయే ఘట్టం వచ్చినప్పుడల్లా మా నాయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవాడు. పొలమారేది. చిచ్చా వీపు చరిచేవాడు.

అమ్మ మాత్రం నవ్వేది కాదు. టీ గ్లాసులు తెచ్చి, నిలబడే కాసేపు చూసి, "నడిదావలో మనిషిని ఇడిసిపెట్టి పోతాంటే నగు ఎట్లొస్తాది మీకు?" అనేది.

"ఆటమ్మే అది," అనేవాడు నాయన.

"ఆడుకో, ఆడుకో. ఆ షెడ్డు ఎప్పుడు ఖాళీ చేస్తావో అది చెప్పు."

మా ఇంటి పక్క షెడ్డులో ఉన్నది నాయన జీపు. కోయిలకుంట్ల పక్క పల్లెలో సేద్యం మానేసి కర్నూలుకు వచ్చినప్పుడు ఆయన వెంట తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు అది. శనక్కాయ బస్తాలు మోసింది, ఎరువులు మోసింది, నన్ను బడికి మోసింది, ఊళ్లో సగం మంది ఆడవాళ్లను కాన్పులకు ఆసుపత్రికి మోసింది. ఇప్పుడు దానికొక జబ్బు పట్టుకుంది. వేడెక్కినాక ఇంజన్ ఆపితే మళ్లీ గంటదాకా పలకదు. ఎన్ని పార్టులు మార్చినా ఆ మొండితనం పోలేదు. స్పేర్ పార్టులు అమ్మేవాడి సొంత బండికే ఆ గతి పట్టిందని బజారంతా ఆటపట్టించేది.

అమ్మకు ఆ షెడ్డు కావాలి. ఆమె చేసే కారంపొడికి, రాగి పిండికి మా వీధిలోనే కాదు, కర్నూలులో కూడా మంచి గిరాకీ ఉంది. మిరపకాయలు ఎవరి మరకో మోసుకుపోయి, వాళ్ల తీరిక కోసం కాచుకుని కూర్చోవడం ఆమెకు విసుగెత్తిపోయింది. సొంతంగా పిండి మర పెట్టుకోవాలని ఆమె పట్టు. షెడ్డు తప్ప వేరే జాగా లేదు. తుక్కు కొనేవాడితో ఆమె అప్పటికే మాట్లాడి పెట్టుకుంది. నాయన ఆ మాట వచ్చినప్పుడల్లా వినపడనట్టు ఉండేవాడు. న్యాయం ఎవరి పక్కనుందని నన్నడిగితే అమ్మ పక్కనే. మనసు మాత్రం జీపు పక్కనుంది.

ఇంతలో ఆ ప్రోగ్రాం ఆగిపోతుందని ఒక పుకారు పుట్టింది. మా కొట్టులో పెద్ద చర్చ. మామ పప్పు నాణ్యం చూసినట్టు చూసి తేల్చేశాడు. "ఈసారి సరుకులో పస తగ్గిందప్పా. నగు పుడతాండ్లా, పుట్టిస్తాండారు."

"అదే నేను చెప్పేది," అన్నాడు చిచ్చా. "బోడప్ప ముందే తెలిసి బురదలో పడతాండాడు. తెలిసి పడితే మజా యాడిది భయ్యా? తెలీక పడాల."

"కొత్త పందేలు లేవు. అదీ రోగం," అన్నాడు నాయన. "మంచు, అడివి, మళ్ళా మంచు. మన దిక్కు రమ్మను, చూపిస్తాం."

సరిగ్గా అప్పుడే ఆ ప్రోగ్రాం వాళ్లు తమ అభిమానుల పేజీలో, రాబోయే భాగాలకు పందేలు చెప్పమని అడిగారు. ఇంక మా వాళ్లకు పూనకమే! షట్టరు దించడం ఆదివారం నుంచి రోజూ మధ్యాహ్నానికి మారింది. పెళ్లి లడ్లన్నీ వ్యానులో పెట్టుకుని, బేతంచెర్ల నాపరాళ్ల లారీల వెనకే పోయి, ఒక్క లడ్డు పగలకుండా దించాలని మామ. శుక్రవారం నమాజు విడిచే వేళ పాతబస్తీ సందులో అరటిగెలల లారీని రివర్సులో తేవాలని చిచ్చా. నడి ఎండాకాలంలో బనగానపల్లెలో మాగిన మామిడిపండ్లు బుట్టకెత్తుకుని, ఏసీ లేని బండిలో కడప చేరాలి, పండు మీద మచ్చ పడకూడదు అని నాయన. నేను వాటిని ఇంగ్లీషులో పెట్టాను. ఎక్కడెక్కడి వాళ్లో తెగ నవ్వుకున్నారు. ఒకామె, ఎండకు సీటు కాలుతుంది కాబట్టి తడి తువ్వాలు పరుచుకోవాలన్న మాట నిజమేనా అని అడిగింది. ఇంకొకాయన రాసిన ఒక్క ముక్క మాత్రం మా కొంప ముంచింది. "ఇంత బాగా చెబుతున్నారు కదా, ముందు మీరే చేసి చూపించండి."

నేను అది చదివి తెలుగులో చెప్పగానే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిచ్చా లేచి నిలబడ్డాడు. యాభై దాటిన మనుషులు పిల్లల్లా చేతులు చరుచుకున్నారు. నాయన చెప్పిన పండ్ల పందెమే ఖాయమైంది. చిచ్చా షెడ్డులో షేర్ ఆటోగా తిరిగి తిరిగి రిటైరైన సెవెన్ సీటరుంది. మామకు సరుకుల వ్యానుంది. నాయనకు జీపుంది. రూలు మాత్రం టీవీలో రూలే, ఆగిన బండిని వదిలేసి పోవాలి. హారన్ కొట్టాలి, చేయి ఊపాలి. అందరికంటే గట్టిగా ఒప్పుకున్నది మా నాయనే.

అమ్మ టీ పళ్లెంతో అక్కడే నిలబడి అంతా విన్నది. "నేనూ వస్తా," అంది. అందరూ నోళ్లు తెరిచారు. "కడపలో నా చెల్లెలింటి ముందర మధ్యాన్నం సంగటి యాలకు ఆ జీపు నిలబడాల. నిలబడితే షెడ్డు ఊసు నేను ఎత్తను. లేకుంటే బండి నాది. నేనేం చేసుకున్నా నువ్వు నోరెత్తకూడదు."

తుక్కు కొనేవాడు మా అందరి కళ్ల ముందు కదిలాడు. నాయన ఒక్క క్షణం షెడ్డువైపు చూసి, "సరే," అన్నాడు.

బయలుదేరిన పొద్దు ఎంత సంబరమో చెప్పలేను. ఎండ ఇంకా ఎక్కలేదు. చిచ్చా ఆటోకు కొత్తగా పచ్చరంగు వేసి, ముందర నిమ్మకాయలు కట్టి, డ్రైవరు సీటు పక్కన టేబుల్ ఫ్యాను బిగించాడు. మామ నుదుట బొట్టుతో, వ్యాను ముందర కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. అందరం ఉగ్గాని, బజ్జీలు కట్టించుకున్నాం. జీపులో ముందర అమ్మ, నాయన, వెనక నేను. వీధి వీధంతా చేతులు ఊపింది. ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటేదాకా మూడు బండ్లూ ఒకదాన్నొకటి దాటుకుంటూ, కిటికీల్లోంచి అరుచుకుంటూ పోయాయి. "ఏమప్పా, నీది బండేనా, ఎద్దా?" అని మామ. "ఎద్దయినా పలుకుతాది, నీ మాదిరి మేసి పడుకోదు," అని నాయన. నాకు ఒళ్లంతా గాలి పోసుకున్నట్టుంది. టీవీలో చూసినదాని కంటే ఇది వంద రెట్లు బాగుందని వెనక నుంచి అరిచాను. అమ్మ తల తిప్పి, "గొంతు పోతాది, నీళ్లు తాగు," అంది.

బనగానపల్లె మార్కెట్లో, జీపు ఇంజన్ ఆపకుండానే, వరిగడ్డి పరిచిన మూడు బుట్టల్లో పండ్లు పేర్చుకున్నాం. మాగిన పండు వాసనకు జీపులో డీజిలు కంపు కూడా కాసేపు ఓడిపోయింది. అమ్మ మా బుట్టను ఒళ్లో పెట్టుకుంది. పండు మీద మచ్చ పడిందో లేదో తీర్పు చెప్పవలసిన మనిషే దాన్ని కాపాడటమేంటని మామ గొడవ చేశాడు. అప్పుడు వ్యాను తలుపు తీసి ఉంది. లోపల బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు పైదాకా ఉన్నాయి!

"పందేనికి వస్తా సరుకెత్తుకోని వస్తివా?" అన్నాడు నాయన.

"ఖాళీ బండి తోలుకోని పోతే మా నాయన పైనుంచి తిడతాడప్పా. ప్రొద్దుటూరులో మా బావమరిది అంగడి దావలోనే ఉండాది కదా," అన్నాడు మామ. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి అదే పద్ధతి. శ్మశానం పక్కనుంచి పోవలసి వచ్చినా బండి ఖాళీగా పోదు.

కోయిలకుంట్ల దాటాక అసలు ఎండ మొదలైంది. రెండు వైపులా శనగ కోసేసిన నల్లరేగడి పొలాలు, పగుళ్లు పట్టి కనుచూపుమేర బోసిగా ఉన్నాయి. జీపు మాత్రం అన్నేళ్ల కసి తీర్చుకుంటున్నట్టు పరిగెడుతోంది. అద్దంలో వ్యాను లేదు, ఆటో లేదు. నాయన స్టీరింగు మీద తాళం వేస్తున్నాడు. ఇట్లాగే పోతే సంగటి కెలికే వేళకే చేరతామని నేను లెక్క వేసి చెప్పాను. ఆయన ముఖంలో అంత వెలుగు నేను చాలా ఏళ్లకు చూశాను. అప్పుడు చిచ్చా ఫోను వచ్చింది. నేను స్పీకరులో పెట్టాను.

"భయ్యా, మామ బండి ఆగిపాయ. క్లచ్చి కాలి కంపు కొడతాంది. నేను రూలు ప్రకారం హారన్ కొడితి, చేయి ఊపితి, నగుకుంటా పోతి. శానా మజా వచ్చె."

నాయన పగలబడి నవ్వాడు. "మళ్ళ?"

"మళ్ళ ఏముండాది. మలుపు కాడ అద్దంలో చూస్తి. ఆయప్ప బండి నీడలో కూసోని తువ్వాలతో ముఖం తుడుచుకుంటాండె. నా పాణం ఒప్పలే భయ్యా. తిప్పుకోని వస్తి. ఇప్పుడు ఇద్దరం కూసోని పండ్లు తింటాండాం. మా పందెం అయిపాయ. నువ్వు పో. నువ్వు గెలవాల."

ఫోను మామ లాక్కున్నాడు. "ఆగితివంటే నీ బండి పోతాదప్పా. నా గురించి చూడొద్దు. నీళ్లుండాయి, పండ్లుండాయి. పో, పో."

నాయన నవ్వు సగంలోనే ఆగింది. జీపును రోడ్డు అంచుకు తీశాడు. ఇంజన్ ఆపలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కడప రోడ్డు సాఫుగా ఉంది. "నాయనా, జమ్మలమడుగులో ఎవరైనా మెకానిక్‌ను పట్టుకుని పంపిద్దాం, మనం పోదాం," అన్నాను నేను. నిజంగానే అన్నాను. ఆ బండి పోతే ఆయన ఎట్లా ఉంటాడో నాకు తెలుసు.

"ఆయప్పకు బీపీ ఉండాది పాపా," అన్నాడాయన. "చిచ్చా ఆటో ఆ బరువు లాగలేదు. మెకానిక్కు దొరికి వచ్చేదాకా ఈ ఎండలో ఏం కూసుంటాడు?"

"యాలైపోతాది," అంది అమ్మ, ముందుకే చూస్తూ.

"తెలుసు," అన్నాడు నాయన. గేరు వేసి జీపును వెనక్కి తిప్పాడు.

మమ్మల్ని చూడగానే మామ తిట్టిన తిట్లు ఏ టీవీలోనూ వేయలేరు. బియ్యం బస్తాలు సగం ఆటోలోకి, కొన్ని జీపులోకి మార్చాం. అమ్మ కూడా కొంగు బిగించి నూనె డబ్బాలు అందుకుంది. మోకు కట్టి వ్యానును జీపుతో లాగుతుంటే, ముందర చిచ్చా ఆటో హారన్ కొట్టుకుంటూ దారి చేస్తూ పోయింది. ఏడవాలో నవ్వాలో తెలియక నేను మోకు తెగకుండా చూస్తూ కూర్చున్నాను. జమ్మలమడుగు ఇంకా కొంత దూరముండగా జీపు రేడియేటరు కుతకుతమని ఉడికింది. ఆపక తప్పలేదు. ఆపాక అది పలకనూ లేదు. అందరం ఒక వేపచెట్టు కింద చేరాం. అక్కడే సంగటి వేళ వచ్చింది, పోయింది కూడా. ఎవరూ గడియారం చూడలేదు.

జీపు మళ్లీ పలికాక, జమ్మలమడుగులో వ్యానును షెడ్డుకు అప్పగించి, ప్రొద్దుటూరులో బియ్యం దించి, కడప చేరేసరికి ఎండ చల్లబడింది. పిన్ని ఇంట్లో సంగటి ముద్దలు రాళ్లయిపోయి ఉన్నాయి. ఆమె తిట్టుకుంటూనే ఎర్రటి కారం పూసి దోసెలు పోసింది. మామ, చిచ్చా దోసె దోసెకూ ఒకసారి కథ మొదటి నుంచీ చెప్పారు. పక్కిళ్ల వాళ్లు కూడా వచ్చి నిలబడి విన్నారు. మా బుట్టలో పండ్లు ఇంజన్ వేడికి మెత్తగా ఉడికి, కారంతో నంజుకోవడానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ సందడిలోనే నాయన జేబులోంచి జీపు తాళం తీసి అమ్మ ముందు పెట్టాడు.

"నీ మాట నీది. బండి నీది," అన్నాడు. అమ్మ తాళం తీసి నడుముకు దోపుకుంది. నాకు ఆమె మీద చచ్చేంత కోపం వచ్చింది.

మేం తిరిగి వచ్చిన వారంలోనే తుక్కు కొనేవాడు తక్కెడతో సహా వచ్చాడు. నాయన కొట్టులోంచి బయటికి రాలేదు. అమ్మ షెడ్డు తలుపు తీసి, మూలన నాయన ఏళ్ల తరబడి పోగు చేసిన పాత టైర్లు, విరిగిన స్ప్రింగు పట్టీలు, తుప్పు బోల్టులు చూపించి, "ఇవన్నీ ఎత్తుకపో," అంది. జీపు మీద అతను చేయి వేయబోతే, "దాన్ని ముట్టుకోవాకు," అంది. తర్వాత నాయనను పిలిచింది.

"ఈడ మర పెడతా. జీపు వాకిట్లో ఉంటాది. నాకు నడిపేది నేర్పీ."

"ఎవురికి?"

"బండి ఎవురిది?"

"నీది."

"అయితే నాకే."

కల్లూరు శివార్లలో ప్లాట్లు వేసి వదిలేసిన ఖాళీ జాగాల్లో ఆమె పాఠాలు మొదలయ్యాయి. ప్లాటు రాళ్లు ఎన్నో ఒరిగిపోయాయి. "క్లచ్చి! క్లచ్చి తొక్కు!" అని నాయన అరవడం, "అరిస్తే దిగి నడువు," అని అమ్మ తిరగబడటం. మామ, చిచ్చా ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని శనక్కాయలు తింటూ చూసేవాళ్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ప్రోగ్రాం ఇక రాదని ఖాయంగా చెప్పేశారు. నేను ఆ సంగతి దిగాలుగా మోసుకొచ్చి చెబితే, చిచ్చా చేయి ఊపేశాడు. "పోనీలే బేటీ. ఈడ చూడు, తెలీక పడేటోళ్లు దొరికిరి."

ఇప్పుడు అమ్మ లైసెన్సున్న డ్రైవరు. కారంపొడి, పిండి సంచులు వేసుకుని కర్నూలు అంగళ్లకు ఆమే పోతుంది. నాయన పక్కన కూర్చుంటాడు. మొన్న ఒకరోజు నేనూ ఎక్కాను. దారిలో ధైర్యం చేసి అడిగాను, జీపును ఎందుకు అమ్మలేదని.

అమ్మ రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పలేదు. "ఆ పొద్దు మీ నాయన ముందుకు పోయింటే గెలిచేటోడు. గెలిచింటే నేను ఈ బండి మళ్ళా ఎక్కేదాన్ని కాదు," అంది.

నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఇంతలో కళ్లెదుట రోడ్డు పక్కన ఒక ముసలాయన ఆగిపోయిన మోపెడ్డును కిక్కు కొడుతూ కనిపించాడు. అమ్మ ఉన్నపళంగా బ్రేకు తొక్కింది. జీపు ఒక్క కుదుపుతో ఆగింది, ఇంజనూ ఆగిపోయింది.

"ఇంజన్ ఆపొద్దని నెత్తీనోరూ కొట్టుకుంటాండా కదే!" అని నాయన నెత్తి పట్టుకున్నాడు. "ఇంక గంటదాకా కదల్దు ఇది."

అమ్మ నాయన వైపు చూసింది, ముసలాయన వైపు చూసింది, నా వైపు చూసింది. అప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. స్టీరింగు మీద తల ఆనించి, భుజాలు కదిలిపోయేలా, పొలమారేలా నవ్వింది. అన్ని ఆదివారాలు మా కొట్టులో టీ పళ్లెంతో నిలబడి ఒక్కసారి కూడా నవ్వని మనిషి. నాయన ఆమె వీపు చరిచాడు. తర్వాత జీపు దిగి, టూల్ సంచి తీసుకుని ముసలాయన దగ్గరికి నడిచాడు.